జెన్జిలే అనే చివరి పేరు

కేప్‌టౌన్‌లో రేడియో తరంగాలతో ఆకాశాన్ని వినేవాళ్లలో డాక్టర్ బులెల్వా జెన్జిలేకి మంచి పేరే ఉంది. కాకపోతే ఆ పేరు కనబడాలంటే చివరిదాకా చదవాలి. వాళ్ల బృందంలో ఒక్కో పరిశోధన పత్రానికి డెబ్బై మంది రచయితలుంటారు. పని నెత్తినేసుకున్న ముగ్గురు ముందు, మిగతా అందరూ ఇంటిపేరును బట్టి ఇంగ్లీషు అక్షరాల వరసలో. జెడ్‌తో మొదలయ్యే ఇంట్లో పుట్టిన పాపానికి బులెల్వా ఇరవై ఏళ్లుగా తోక పట్టుకునే వస్తోంది. పత్రాలు వందకు పైమాటే. మొదటి పేరుగా వచ్చినవి రెండు, వాటిని ఇప్పుడెవరూ చదవరు.

"డాక్టర్‌గారిని పట్టుకోవడం తేలిక, పేజీ కిందనుంచి చూస్తే చాలు" అని టీ దగ్గర తోటివాళ్లు వేళాకోళమాడితే ఆమె కూడా నవ్వేది.

సిఫోసేతు పైకి రావడం మొదలయ్యాక ఆ నవ్వు పోయింది. ఆమె బులెల్వా దగ్గరే పీహెచ్‌డీ చేసిన పిల్ల. వచ్చిన చప్పుడులో ఏది ఆకాశానిదో ఏది భూమ్మీది చెత్తో విడదీయడం ఇక్కడే నేర్చుకుంది. ఇప్పుడు డచ్చివాళ్లు రమ్మంటారు, ఆస్ట్రేలియావాళ్లు కలిసి పనిచేద్దామంటారు, అన్నిటా ఆమె పేరే ముందు. బులెల్వాకి ఒళ్లు మండేది. పిల్ల మంచిది కావడం ఇంకా మండించేది. చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఈ మధ్య సిఫోసేతు కొత్త పత్రం చిత్తుప్రతి అందరికీ పంపింది. మనకు బాగా దగ్గర్లో ఒక చచ్చిన నక్షత్రం గిర్రున తిరుగుతూ సెకనుకోసారి టిక్కుమంటోందని, నిరుడు విన్న చప్పుడును బట్టి అందులో రాసింది. నిజమైతే ప్రపంచమంతా మాట్లాడుకునే సంగతి. అలాంటి చిత్తుప్రతి మీద నమ్మకం లేనివాళ్లు కారణం అందరికీ రాసి, తమ పేరు తీసేయించుకోవచ్చు. ఆ అభ్యంతరం తేలేదాకా పత్రం కదలదు.

బులెల్వా చదివింది. ఎక్కడా తప్పు దొరకలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే రాసేసింది: "ఇది నక్షత్రం కాదు, మన యాంటెన్నాలున్న కారూ ఎడారిలో ఎవరో గొర్రెల పొలానికి పెట్టిన కరెంటు కంచె. కంచె కూడా సెకనుకోసారే కొడుతుంది. నా పేరు తీసేయండి." కంచెను నక్షత్రమనుకుని నవ్వులపాలైనవాళ్లు ఈ వృత్తిలో ఉన్నారు కాబట్టి బృందమంతా వెనక్కి తగ్గింది.

సిఫోసేతు ఫోన్ చేసింది. అక్కా అనడానికి వాళ్ల భాషలో సిసి అంటుంది.

"సిసి బులెల్వా, నిజంగా కంచేనంటారా? లేక నా మీద ఏమన్నా కోపమా?"

"నీ మీద నాకు కోపమెందుకే? కంచెలా ఉంది, కంచె అన్నాను."

"అయితే ఎవరో ఒకరు వెళ్లి చూడాలి కదా."

"నేనే వెళ్తాలే" అంది బులెల్వా. కంచె నిజంగానే దొరికి ఆ పిల్ల తలదించుకోవాలని ఆమె ఆశ.

యాంటెన్నాల చుట్టుపక్కల కరెంటు కంచె ఉన్నట్టు నమోదైన పొలం ఊమ్ ఖావీది, అంటే అక్కడివాళ్ల మాటలో ఖావీ బాబాయిది, ఒక్కటే. యాంటెన్నాలకు వేరే చప్పుడు తగలకూడదని ఆవరణ గేటు దగ్గర ఫోన్ ఆపి అప్పగించి, స్పార్కు ప్లగ్గుల్లేని డీజిల్ బండిలో బులెల్వా అక్కడికి చేరింది. ముసలాయన కాఫీ, రస్కులు పెట్టాడు.

"కంచె చూడాలా? చూడు తల్లీ. దానికి కరెంటు తీసేసి రెండేళ్లయింది. నక్కలు వైరు కిందనుంచే దూరేవి. దండగని పీకేశాను."

"మరి గొర్రెలకు కాపలా ఎవరు, ఊమ్?"

"అదిగో, ఆ గాడిద. నక్క కనబడితే తరిమి తంతుంది. ఏం, అది కూడా మీ యంత్రాలకు అడ్డమా?"

బులెల్వా నవ్వలేకపోయింది. చేతి యాంటెన్నా పట్టుకుని పీకేసిన కంచె తాలూకు గుంజల వెంట నడిచింది. ఒక్క టిక్కు, ఒకే ఒక్క టిక్కు వినబడితే చాలనుకుంది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తిరిగొచ్చి మళ్లీ నడిచింది. గాడిద ఆమెనే చూస్తూ గడ్డి నములుతోంది.

ఎవరికీ తెలియదు. కంచె ఉందని రాస్తే పత్రం ఇంకో ఏడాది మూలన పడుంటుంది. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది, కాసేపు హాయిగా కూడా అనిపించింది. కానీ వినబడనిదాన్ని వినబడిందని ఆమె ఇన్నేళ్లలో ఎన్నడూ రాయలేదు.

గేటు దగ్గర ఫోన్ తీసుకుని, రోడ్డెక్కాక సిఫోసేతుకి చేసింది.

"కంచె లేదు. నీది నక్షత్రమే."

సిఫోసేతు ఏడ్చేసింది. "ఇక ఎవరూ కాదనలేరు సిసి. మీరు తేల్చారు కాబట్టి మీ పేరు రెండోది పెడతాను. నా పక్కనే."

ఇరవై ఏళ్లుగా కోరుకున్నది. ఇచ్చేది ఈ పిల్ల.

"వద్దు" అంది బులెల్వా. "నా చోట నన్ను పెట్టు. చివర."

"ఎందుకు సిసి?"

"అక్కడైతే నన్నెవరూ దయతలచి పెట్టలేదు, మా ఇంటిపేరే పెట్టింది" అని ఫోన్ పెట్టేసి, బండి తీసింది.