మొదట అన్నదెవరు

ఆ ఇంట్లో పగలు ఎవరూ కునుకు తీయరు. జ్వరమొచ్చినా గోడకు ఆనుకుని కూర్చోవలసిందే.

తండ్రి బస్సు డ్రైవరు. ఖాళీ బస్సును డిపోకు తోలుకొస్తూ కాలవలో పడి చనిపోయాడు. స్టీరింగు ముందు నిద్రపోయాడని పేపర్లు రాశాయి. అప్పటికి కూతురు చంటిపిల్ల. తర్వాత బళ్లో పిల్లలు ఆమెను కునుకమ్మ అన్నారు. పెద్దయ్యాక దర్జీ కొట్లో కాజాలు కుడుతున్నా ఆ పేరు పోలేదు.

ముప్పై దాటాక కాలేజీలో చేరింది.

"ఆంటీ, పిల్లను దింపడానికొచ్చారా?" అన్నాడు ఒక కుర్రాడు.

"లేదు నాయనా, నీ పక్కన కూర్చోడానికొచ్చా. జరుగు."

వారానికొక తరగతి లైబ్రేరియన్ మేడం చెప్పేది. "పదిమంది అన్నారంటే పదిమందీ చూశారని కాదర్రా. ఒకడు అంటే తొమ్మండుగురు తలాడించి ఉండొచ్చు. మొదట అన్నదెవరు? వాడికెలా తెలుసు? అది పట్టుకురండి." ఊళ్లో జరిగిన సంగతి ఏదైనా ఎంచుకోమంది.

నాన్న చావు తప్ప ఆమె వేరేది వెతుక్కోలేదు. నాన్న నిద్రపోలేదని తేలితే అమ్మ తలెత్తుకు తిరుగుతుంది. అంతే ఆమెకు కావలసింది.

పాత పేపర్ల గదిలో కాగితం అంచులు వేళ్లకు పొడిగా అంటుకున్నాయి. మూడు పేపర్లు. మూడింటిలోనూ నిద్రే.

"చూడండి మేడం, ముగ్గురూ అదే రాశారు."

"మీ నాన్న వయసెంతమ్మా అప్పటికి?"

"ముప్పై కూడా లేవు."

"మూడింట్లోనూ నలభై అనుంది. ఎవరికి వాళ్లు కనుక్కునుంటే అందరూ ఒకే తప్పు ఎలా చేస్తారు?"

ఆరా తీస్తే తేలింది, మూడూ డిపో ఇచ్చిన ప్రకటన చూసి రాసినవే. దాన్ని తయారుచేసిన గుమాస్తా బతికే ఉన్నాడు. ఆమె వెళితే వరండాలో కుర్చీ చూపించాడు.

"నేనక్కడికి పోలేదు తల్లీ. రోడ్డు తిన్నగా ఉందన్నారు. ఎదురుగా బండేదీ రాలేదన్నారు. నిద్ర కాక ఇంకేముంటుంది? పైవాళ్లు వెంటనే కారణం కావాలన్నారు. రాసిచ్చాను. మీ నాన్న మంచివాడే" అన్నాడు.

ఆ మాటకు ఆధారమేమిటని ఆమె అడగలేదు.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చింది. తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, నాన్న నిద్రపోవడం ఎవరూ చూళ్లేదే! ఆ గుమాస్తా ఊహించి రాశాడు. మిగతావాళ్లు దాన్నే మోశారు."

తల్లి చేతులు ఆగాయి.

"అయితే మెలకువగా ఉన్నాడా?"

"అదీ తెలీదమ్మా."

"బస్సు కాలవలోకి పోతుంటే చూశాడా?"

కూతురు తల్లి పక్కన చతికిలబడింది.

"నిద్రలోనే పోయాడు, ఏమీ తెలిసుండదు అనుకునేదాన్నే. ఊరు ఎన్నన్నా పడ్డాను. ఆ ఒక్క ఊరటతోనే..." తల్లి చేతిలో చొక్కా సగం మడతలో ఉండిపోయింది. "తలుపు తీయబోయాడా? నన్ను పిలిచాడా? ఇంత చదువుతున్నావుగా. అదీ కనుక్కో."

ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు. తల్లి ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది.