క్లచ్ మేడమ్ కారులో పసుపు దీపం

ఆవిడకు ఇంట్లో ఒక పేరుంది, లైసెన్సు మీద ఇంకో పేరుంది. రెండూ ఎవరూ వాడరు. రోజుకు ఆరుగురికి కారు నేర్పుతూ, ఆ ఆరుగురి మీదా "క్లచ్! క్లచ్ తొక్కండి!" అని అరిచే మనిషిని ఊరు క్లచ్ మేడమ్ అనక ఇంకేమంటుంది? పందొమ్మిదేళ్లుగా అదే పని, అదే పక్క సీటు. ఆ సీటు ముందు ఆవిడకంటూ విడిగా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్లు తడబడితే ఆవిడ తొక్కడానికి.

నమ్మకం గొప్ప గుణమని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ సీట్లో ఒక్కపూట కూర్చుని ఉండరు. ఎదురుగా సిమెంటు లారీ వస్తుంటే బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కే బ్యాంకు మేనేజరు పక్కన కూర్చుని, దిగాక చెప్పమనండి ఆ ముక్క. క్లచ్ మేడమ్ ఎవరినీ నమ్మదు. కూరగాయల తక్కెడను నమ్మదు, ఫోన్లో కనబడే వాన కబురును నమ్మదు, "రెండు నిమిషాల్లో అక్కడుంటా" అనే మాటను అసలే నమ్మదు. భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. అచ్చయిన ప్రతి అక్షరాన్నీ అనుమానిస్తాడు, మనుషుల్ని మాత్రం గుడ్డిగా నమ్మేస్తాడు. "మా ఇంట్లో అనుమానాన్ని చెరిసగం పంచుకున్నాం లెండి" అని నవ్వుతుంటాడు.

అలాంటి ఇంట్లో ఒక సోమవారం పొద్దున కారు స్టార్టు చేయగానే స్టీరింగ్ ముందు మీటర్ల అద్దం వెనక ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. వెలిగింది, ఇక ఆరలేదు.

వేరే రోజుల్లో అయితే అంత కంగారు లేదు. కానీ ఆ వారంలోనే కారును తనిఖీ కేంద్రానికి తీసుకెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పసుపు దీపం వెలుగుతున్న బండిని అక్కడ గేటులోనే వెనక్కి పంపేస్తారు. సర్టిఫికెట్ లేకపోతే డ్రైవింగ్ స్కూలు నడపనివ్వరు. స్కూలంటే మేడ, బోర్డు, గుమాస్తా ఏమీ లేవు. ఆవిడ, ఆ ఒక్క కారు. అంతే.

మెకానిక్కు పరాయివాడు కాదు, స్వయానా మరిది. రెండు వీధుల అవతల షెడ్డు. ఆ కారు కొన్నప్పటి నుంచి, పదకొండేళ్లుగా, అతని చేతిలోనే ఉంది. ఇదే ఆవిడకు పెద్ద చిక్కు. పరాయివాడైతే మొహం మీదే అడిగేయొచ్చు. రెండు నెలల క్రితం ఇదే దీపం వెలిగితే అతను సైలెన్సర్ దగ్గర ఏదో సెన్సర్ పోయిందని మార్చి, నల్లగా మాడిన పాతదాన్ని చేతిలో పెట్టి చూపించాడు.

"నల్లటి పాత సామాను ఏ షెడ్డులోనైనా బుట్టెడు దొరుకుతుందండీ. అది మన కారుదేనని ఎవరు చెప్పొచ్చారు?" అంది ఆ రాత్రి అన్నం దగ్గర.

"నా తమ్ముడు చెప్పాడు కదే" అన్నాడు భర్త.

"అదే కదా నేను అనేది."

అప్పట్లో ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న వాళ్లలో ఒక దర్జీ ఉంది. నలభై దాటిన మనిషి, చురుకైన నోరు. "మా అన్నయ్య దగ్గర చిన్న డబ్బా ఒకటుంది మేడమ్. కారుకు గుచ్చితే జబ్బేంటో ఫోన్లో చెప్పేస్తుంది. రెండు సినిమా టికెట్ల ఖరీదు కూడా ఉండదు" అని ఆ సోమవారమే చెప్పింది. మంగళవారానికల్లా అగ్గిపెట్టెంత డబ్బా క్లచ్ మేడమ్ సంచిలో ఉంది. స్టీరింగ్ కింద, మోకాలికి తగిలేచోట, పదహారు రంధ్రాల సాకెట్ ఒకటి ఉంటుంది. పదకొండేళ్లుగా అది అక్కడుందని ఆవిడకు తెలియదు. దానికి డబ్బా గుచ్చి, తాళం తిప్పి, ఫోను కలిపింది. తెర మీద ఒక అంకె వచ్చింది: పి 0504. దాని కింద ఒక వాక్యం: బ్రేకు స్విచ్‌లు రెండింటికీ పొంతన లేదు.

ఇక్కడిదాకా తెలివైన పనే. తన కారు సంగతి తను తెలుసుకోవడానికి ఎవరి దయా అక్కర్లేదు, ఎవరి షెడ్డూ అక్కర్లేదు. ఆ అంకె తీసుకెళ్లి మరిది ముందు పెట్టి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ క్లచ్ మేడమ్ అంకెను కొత్త డైరీలో రాసుకుని, తేదీ వేసి, దాని కింద రెండు గీతలు గీసి, ఫోన్లో 'చెరిపేయి' అన్న బటన్ నొక్కింది. దీపం ఆరిపోయింది. చూద్దాం, ఏమీ తెలియనట్టు వెళ్తే మరిది ఏ రోగం పేరు చెబుతాడో! బ్రేకు స్విచ్ అనకుండా ఇంకేదైనా పెద్ద సామాను పేరెత్తాడా, దొరికిపోయినట్టే.

మరిది తన పెద్ద మిషను గుచ్చి చూశాడు. బానెట్ ఎత్తి చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని, "ఏం లేదు వదినా. శుభ్రంగా ఉంది" అన్నాడు.

"ఏం లేకపోతే లైటెందుకు వెలుగుద్ది?"

"వెలిగినప్పుడు ఆపకుండా అలాగే పట్రా. చూస్తా."

ఇంటికొచ్చి ఆవిడ డైరీలో రాసుకుంది: 'ఏమీ కనిపెట్టలేకపోయాడు.' లేని జబ్బు చెప్పి ఉంటే దొంగ అయ్యేవాడు, నిజం చెప్పి చేతకానివాడయ్యాడు. ఆవిడ పెట్టిన పరీక్షలో పాసయ్యే దారే లేదు. కనబడాల్సినదాన్ని తానే చెరిపేసి తీసుకెళ్లానన్న ఆలోచన మాత్రం ఆవిడకు రాలేదు. అనుమానించేవాళ్ల కళ్లు బయటికే చూస్తాయి.

బుధవారం మధ్యాహ్నం క్లాసులు అయ్యేసరికి దీపం మళ్లీ వెలిగింది. అదే అంకె. మళ్లీ చెరిపింది, మళ్లీ తీసుకెళ్లింది. "ఏం లేదు వదినా." గురువారం మూడోసారి. ఈసారి మరిది మిషను మీంచి తల ఎత్తలేదు చాలాసేపు.

"వదినా, ఒక మాట అడగనా?"

"అడుగు."

"వేరే షెడ్డుకు వెళ్తున్నావా?"

"నేనా? ఛ! ఎవరన్నారు?"

"నీ కారే అంటోంది." తెర ఆవిడ వైపు తిప్పాడు. "ఇక్కడ చూడు. చివరిసారి కోడు చెరిపేశాక బండి తిరిగింది మూడు కిలోమీటర్లు. ఒక్క క్లాసుకే నువ్వు అంతకు మించి తిరుగుతావు. అంటే ఇవాళ పొద్దున ఎవరో మిషను పెట్టి తుడిచారు. నిన్నా అంతే, మొన్నా అంతే. ఎవడతను?"

క్లచ్ మేడమ్ మొహం మీద చలనం లేదు. పందొమ్మిదేళ్లు లారీలకు ఎదురెళ్లిన మొహం. "నాకేం తెలుసు? నీ మిషనుకే పిచ్చెక్కిందేమో" అంది.

మరిది మిషను తీగ పీకేసి చుట్ట చుట్టాడు. "సరే. ఎవడు తుడిచాడో వాడిచేతే బాగు చేయించుకో వదినా. నన్ను పరీక్ష పెట్టడానికి నేనేం బళ్లో పిల్లాణ్నా?" లోపలికెళ్లి వేరే బండి కింద దూరిపోయాడు. కాళ్లు మాత్రం బయట కనబడుతున్నాయి. కాళ్లతో గొడవ పెట్టుకోలేక ఆవిడ వచ్చేసింది.

శుక్రవారం పొద్దున మరోసారి చెరిపేసి, దీపం లేని కారుతో నేరుగా తనిఖీ కేంద్రానికి వెళ్లింది. పొడవాటి రేకుల షెడ్డు, నేల మీద పసుపు గీతలు, చెవులకు దూది పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్. అతనూ స్టీరింగ్ కిందే తీగ గుచ్చాడు. తెర చూసి కళ్లజోడు పైకి తోశాడు.

"లైటు ఆర్పేసి తెస్తే మాకు తెలీదనుకున్నారా మేడమ్?"

"ఏం ఆర్పడమండీ? బండి బాగుంది, లైటు లేదు."

"కోడు చెరిపితే దానొక్కదాన్నే చెరపదండి. బండి తనను తాను పరీక్ష చేసుకుని పెట్టుకున్న లెక్కలన్నీ పోతాయి. ఇదిగో, ఎనిమిది గళ్లు. ఎనిమిదీ ఖాళీ. పలక తుడిచి తెచ్చి పాఠం వచ్చిందంటే ఎలా? రోజూ ఇలాంటివాళ్లను పదిమందిని చూస్తాను." కాగితం మీద తిరస్కరించినట్టు ముద్ర గుద్దాడు. "మళ్లీ తేవడానికి వచ్చే వారం శనివారం ఆఖరి రోజు. గళ్లు నిండాలి, లైటు రాకూడదు. రెండూ."

ముద్ర పడిన కాగితం పట్టుకుని ఆవిడ కారులో పదినిమిషాలు కదలకుండా కూర్చుంది. అబద్ధాలకోరుల వరసలో తనను నిలబెట్టారు, అదీ ఒక పరాయి మనిషి, చెవుల్లో దూదితో. గళ్లు నిండాలంటే వారంపాటు చెరపకూడదు. చెరపకపోతే దీపం వెలుగుతుంది. క్లాసులు ఆపేద్దామంటే శనివారం తర్వాతి సోమవారమే ఆరుగురికీ లైసెన్సు పరీక్ష. ఉన్నది ఒక్క కారు.

భర్త విని, దిద్దుతున్న ప్రూఫు పక్కన పెట్టాడు. "చెరపకముందు ఒక కాపీ ఉంచుకోవాలోయ్. మా ప్రెస్సులో కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు చెప్పేది అదే" అన్నాడు. ఆవిడ చూసిన చూపుకు మళ్లీ ప్రూఫులో తల దూర్చాడు.

సాయంత్రం డైరీ, డబ్బా రెండూ పట్టుకుని మరిది షెడ్డుకు వెళ్లింది. బల్ల మీద పెట్టింది.

"ఎవడతను అన్నావుగా. నేనే."

మరిది డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. డైరీ తెరిచాడు. 'ఏమీ కనిపెట్టలేకపోయాడు' అన్నచోట కాసేపు ఆగాడు. "బానే రాశావు. నీ దస్తూరీ బావుంటుంది వదినా" అన్నాడు. కోపమో కాదో చెప్పడం కష్టం. తర్వాత పి 0504 దగ్గర వేలు పెట్టాడు. "ఇది మంగళవారమే చెప్పుంటే? సరే, కానీ నేను నడిపితే రావట్లేదు, నీ క్లాసులో మాత్రం వస్తోంది. రేపు నీ క్లాసులో వెనక సీట్లో కూర్చుంటా."

శనివారం పొద్దున దర్జీ స్టీరింగ్ దగ్గర, మేడమ్ పక్కన, మరిది వెనక. అతని ఒళ్లో మిషను.

"ఈయనెందుకు మేడమ్, నన్ను పరీక్ష చేయడానికా?" అంది దర్జీ.

"కాదమ్మా, కారును. నువ్వు మామూలుగా నడుపు" అన్నాడు మరిది.

కారు పెద్దరోడ్డు ఎక్కింది. "మామూలుగానే నడుపుతున్నా గానీ, మొదటినుంచీ ఈ కారు బరువండీ. ఎవరో వెనకనుంచి చీరకొంగు పట్టుకు లాగుతున్నట్టు ఉంటుంది" అంది దర్జీ.

"మీకు అలవాటు లేక" అంది మేడమ్.

"ఇరవయ్యేళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న కాలు మేడమ్ ఇది. దారం ఎక్కడ పట్టేస్తే అక్కడ తెలుస్తుంది నాకు."

మరిది తెర చూస్తున్నాడు. యాక్సిలరేటర్ తొక్కుతున్నట్టు ఉంది. బ్రేకు మొదటి స్విచ్ పడినట్టుంది, రెండోది పడలేదు. పడింది, పోయింది, పడింది. దర్జీ కాలు వైపు వంగి చూశాడు. ఆమె కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది, బ్రేకు జోలికి పోలేదు. ఇంకొంచెం ముందుకు వంగి మేడమ్ సీటు ముందు కిందికి చూశాడు.

"వదినా, నీ కాలెక్కడుంది?"

"ఎక్కడుండాలో అక్కడే ఉంది."

"బ్రేకు మీద ఉంది."

"మీద ఉంది. తొక్కట్లేదు."

"తొక్కట్లేదు. అలాగని వదలట్లేదు కూడా. పోయిన నెల నీ బ్రేకు వెంటనే పట్టాలని ఈ కడ్డీ బిగించమన్నావు, గుర్తుందా? నీ పెడల్‌ను అసలు పెడల్‌కు కలిపే కడ్డీ. అప్పటినుంచీ నువ్వు కాలు ఆనిస్తే చాలు, అక్కడ వెంట్రుకవాసి దిగుతోంది. ఆ వెంట్రుకవాసికి ఒక స్విచ్ పడుతోంది, రెండోది పడట్లేదు. పాపం, కారు మాత్రం ఏం చేస్తుంది? ఒకడు తొక్కమంటాడు, ఒకడు ఆపమంటాడు. లైటు పెట్టి అరుస్తోంది."

దర్జీ నెమ్మదిగా, "అయితే నా కొంగు పట్టింది మీరా మేడమ్!" అంది.

షెడ్డు దగ్గర దిగాక మరిది స్పానర్ తీశాడు. "ఐదు నిమిషాలు. కడ్డీ వదులు చేసేస్తా, నీ కాలు నీ ఇష్టం."

"వద్దు."

"ఏం?"

"వదులు చేస్తే అవసరమైనప్పుడు బ్రేకు ఆలస్యంగా పడుద్ది. కాలే తీసేస్తా. నా కాలు నా మాట వింటుంది. నీ కడ్డీ ఎవరి మాట వింటుందో నాకేం తెలుసు?"

మరిది స్పానర్ పెట్టెలో పడేసి పెద్దగా నవ్వాడు. "తొక్కితే నిండా తొక్కు, లేకపోతే పూర్తిగా తియ్యి. మధ్యలో ఉండకు. ఆ డబ్బా కూడా నీ దగ్గరే ఉంచుకో, మంచిదే. చూడు. తుడవకు."

ఆ వారం ఆవిడ బతుకులో అతి పొడవైన వారం. కాళ్లు సీటు కిందికి మడుచుకు కూర్చుంటే పిక్కలు పట్టేసేవి. ప్రతి మలుపులో కుడికాలు దానంతటది లేచేది, ఆవిడ చేత్తో మోకాలు నొక్కి పట్టుకునేది. మంగళవారం సందులోంచి ఒక తోపుడు బండి అడ్డంగా వచ్చినప్పుడు కాలు లేవనే లేచింది. కానీ అది పెడల్ చేరేలోపే కారు ఆగింది, బండికి రెండడుగుల ఇవతల. ఆపింది దర్జీ. క్లచ్ మేడమ్ ఆమె పాదం వైపు, ఏదో కిటుకుందేమో అన్నట్టు, చాలాసేపు చూసింది.

ఫోన్లో గళ్లు ఒక్కొక్కటే నిండాయి. చల్లటి ఇంజిన్‌తో పొద్దున్నే స్టార్టు చేస్తే ఒకటి, పెద్దరోడ్డు మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోతే రెండు. గురువారానికి ఏడు. ఎనిమిదోది శుక్రవారం సాయంత్రం నిండింది. దీపం రాలేదు. ఆవిడ మాత్రం శనివారం పొద్దున తనిఖీ కేంద్రం గేటు దగ్గర ఆగి మరోసారి చూసుకుంది.

అదే ఇన్‌స్పెక్టర్, అవే దూదులు. తీగ గుచ్చాడు. తెర చూశాడు, ఆవిడను చూశాడు, మళ్లీ తెర చూశాడు.

"ఎవరు చేశారు రిపేరు?"

"ఎవరూ చేయలేదు. కాలు తీశాను."

అతనికి అర్థం కాలేదు. మోసం ఎక్కడో ఉందన్న నమ్మకంతో బానెట్ ఎత్తించాడు, పొగ రెండుసార్లు కొలిచాడు, ఏమీ దొరక్క సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. ఆవిడ దాన్ని అక్కడే నిలబడి కారు నంబరుతో ఒక్కో అంకె సరిచూసుకుంది, తేదీ చూసుకుంది, ముద్ర ఆరిందో లేదో వేలితో తాకి చూసుకుంది. ఆ తరువాతే మడిచి సంచిలో పెట్టింది.

పదింటికి దర్జీ క్లాసు. సోమవారం ఆమెకు పరీక్ష. కారు ఎక్కి, సీటు జరుపుకుని, అద్దం సర్దుకుని, దర్జీ పక్కకు వంగి కిందికి చూసింది.

"మేడమ్, కాలు?"

"కిందే ఉంది. మీరు రోడ్డు చూడండి."