ఉప్పు డబ్బా దాచిన మేస్త్రి

పంపుల మేస్త్రికి లోకంలో ఒకటే భయం, బీపీ పెరగడం. తల్లిని మంచాన పడేసి తీసుకుపోయింది అదే. అందుకే భార్యకు బీపీ ఉందని తెలిసిన రోజే ఇంట్లో ఉప్పు డబ్బా దాచేశాడు. "పంపు నీళ్లకైనా ఇంతకంటే రుచి ఉంటుందయ్యా," అని కూర కలుపుకున్నప్పుడల్లా దెప్పేదావిడ. ఆమె మాత్ర మింగిందని చూసుకుంటే గానీ ఆయన షాపు తాళాలు చేతిలోకి తీసుకునేవాడు కాదు.

అలాంటి ఆవిడ బట్టలు ఆరేస్తూ కుప్పకూలింది. గుండె ఆగింది. ఇంట్లోనే ఉన్న ఆమె తమ్ముడు ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. అంబులెన్సు వాళ్లు వచ్చి షాక్ ఇచ్చాక మళ్లీ కొట్టుకుంది. "గుండె దారిలో పడింది. ఇంతసేపు నెత్తురందని మెదడు సంగతే తేలాలి," అన్నాడు డాక్టరు. మనిషి మిగిలినా తనను గుర్తుపట్టకపోవచ్చని మేస్త్రికి అర్థమైంది.

ఐసీయూలో మంచం పక్కన కాసేపు నిలబడనిచ్చారు. ఆమె నోట్లో గొట్టం. మెడ దగ్గర మరో సన్నటి గొట్టంలోకి చిన్న యంత్రం మందు తోస్తోంది. మేస్త్రి రెయిలింగు మీదకు వంగి, తెర మీది బీపీ అంకెనే చూస్తున్నాడు. అదిరిన పాత పైపుకు ప్రెషర్ తక్కువే పెట్టాలి, లేదంటే జాయింటు ఊడుతుంది. పని నేర్పిన పాఠం అది. అంకె దిగుతోంది. దిగేకొద్దీ ఆయన ఊపిరి తేలికపడింది.

"తగ్గుతోంది సిస్టర్! మీ చెయ్యి మంచిది."

నర్సు తలెత్తి చూసి పరుగున వచ్చింది. "మోచెయ్యి తియ్యండి బాబాయ్!"

సన్నటి గొట్టం ఆయన మోచేతి కింద నలిగి ఉంది. యంత్రం కూతపెట్టింది. నర్సు జాగ్రత్తగా సరిచేసింది.

"తగ్గితే మంచిదే కదమ్మా? అసలే బీపీ మనిషి..."

"అది ఇంట్లో మాట. ఇక్కడ ఈ గొట్టంలో మందే ఆమె బీపీని నిలబెడుతోంది. మామూలప్పుడు బీపీ కాస్త తగ్గినా మెదడు తన నెత్తురు సరఫరా తనే సర్దుకుంటుంది. ఇంత దెబ్బ తిన్నాక ఆ సర్దుబాటు కుదరకపోవచ్చు. అందుకే డాక్టరుగారు చెప్పిన అంకె కంటే దిగనివ్వం. అలాగని మరీ ఎక్కనివ్వం."

మోటారు నీరసిస్తే ముందు ఎండేది మేడమీది కుళాయే. ఊరందరికీ చెప్పే ఆ ముక్క, తన మనిషి దగ్గరికొచ్చేసరికి మేస్త్రికి తట్టలేదు. పైగా గొట్టం నొక్కిందీ తనే. అంకె మళ్లీ ఎక్కేదాకా చేతులు జేబుల్లో పెట్టుకుని గోడకు అతుక్కుపోయాడు.

మర్నాడు, మెలకువ వస్తుందేమో చూద్దామని నిద్రమందు తగ్గించారు. ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. "ఇంకోసారి పిలవండి, బాబాయ్," అంది నర్సు.

మేస్త్రి దూరం నుంచే గొంతు పెంచాడు. "ఏమే! ఉప్పు డబ్బా పాత మోటారు పెట్టెలో ఉంది. కళ్లు తెరువు, తెచ్చిస్తా."

రెప్పలు కదిలాయి. చూపు కాసేపు తడబడి ఆయన మీద ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. కూర నోట్లో పెట్టుకున్నప్పటి ముడే. తెర మీద అంకె ఎగిసింది.

"పెరుగుతోందమ్మా!" కంగారుపడ్డాడు.

"పెరగదా మరి? తిట్టాలని ఉంది, నోట్లో గొట్టముంది," అంది నర్సు, అంకెను ఓ కంట కనిపెడుతూనే. "రండి, చెయ్యి పట్టుకోండి. గొట్టం చూసుకుని!"