మా ఆయన ఏరిపారేసిన గాలులు

మా ఆయన్ని వీధిలో గాలిమేస్త్రీ అనేవారు. ఫ్యాన్లు బాగుచేస్తారనుకుని ఒకావిడ తిరగని టేబుల్ ఫ్యాను తెచ్చి మా గుమ్మంలో పెట్టిపోయింది కూడా. ఆయన చూసే గాలి దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ గాలి ఎటు వీయాలో పెద్దాఫీసులో కంప్యూటరు లెక్కగట్టేది. నిజంగా ఎటు వీస్తోందో మా ఆయన రాడారు చెప్పేది, చుక్క రాలినప్పుడు మిగిలే జాడ ఎటు కొట్టుకుపోతోందో చూసి. రెండింటినీ పోల్చి పైకి పంపడమే ఆయన ఉద్యోగం.

దానికొక పద్ధతి ఉండేది, అదీ ఆయన పెట్టిందే. లెక్కకు మరీ దూరంగా ఉన్న గాలిని రాడారు పొరపాటని ముందే ఏరిపారేసేవారు. మిగిలినవాటిని పోల్చేవారు. అవి చక్కగా కలిసేవి. కలవక ఏం చేస్తాయి. పెద్దసారు భుజం తట్టేవారు, ఈయన ఇంటికొచ్చి మురిసిపోయేవారు.

మా వదిన, అంటే ఆయన అక్క, నోరు ఊరుకునే మనిషి కాదు. "పెళ్లికొచ్చి తిట్టిపోయినవాళ్లని లెక్కలోంచి తీసేసి, అందరూ మెచ్చుకున్నారంటే ఎలారా" అంది.

"నీకు తెలీదులే అక్కా, ఇది సైన్సు."

ఒకనాడు పెద్దసారు పిలిచి, "ఇన్నేళ్లుగా రెండూ ఒకే మాట చెబుతున్నాయి కదయ్యా. ఒకే మాటకి ఇద్దరెందుకు? రాడారు మూసేద్దాం" అన్నారట.

ఆ పూట ఆయన అన్నం కెలికి లేచిపోయారు. ఆ రాడారును నిలబెట్టిన నాటినుంచి కాపాడుకొచ్చింది ఆయనే. పారేసిన గాలులు ఇంకా మిషన్లోనే పడున్నాయట. మర్నాడు వాటన్నిటినీ తిరిగి కలిపి పంపారు. లెక్క తూర్పంటే రాడారు పడమరంటోంది.

"అయితే ఇప్పుడు లెక్క సరిచేస్తారా?" అనడిగాను.

"చెయ్యాలి మరి."

చెయ్యలేదు. రాడారుకే జబ్బు చేసిందన్నారు పెద్దాఫీసువాళ్లు. జబ్బుపడ్డదాన్ని మూయడానికి నియమాలు ఒప్పుకోవట, ముందు బాగుచేయాలట. నలుగురొచ్చి అంతా విప్పి, ఏ లోపమూ దొరక్క మళ్లీ బిగించి, బాగుచేశామని రాసిచ్చారు. అంత ఖర్చుపెట్టి బాగుచేసినదాన్ని మూస్తే ఎవరైనా అడుగుతారని ఇక ఆ ఊసెత్తలేదు.

"నిజం చెప్పినందుకు మంచమెక్కించారు. పోనీలే, బతికింది" అన్నారాయన. ఏరిపారేయడం మాత్రం మానేశారు. పెద్దసారు భుజం తట్టడమూ మానేశారు.

ఆయన పోయినప్పుడు, ఆయన కుర్చీలోకొచ్చిన కొత్తాయన మా ఇంటికొచ్చి కాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తోచనట్టుంది, "లెక్క ఇప్పటికీ కలవట్లేదమ్మా" అన్నాడు.

"కలవనివన్నీ పంపుతున్నావా?"

"పంపుతున్నానమ్మా."

"అలాగే పంపు నాయనా" అన్నాను.