చివరి పావుగంటకు బలమిచ్చిన మల్లేశం

ఆ వార్త నాకు మొదట తెచ్చినవాడు నరేశ్. పొద్దున దీపం వెలిగించి ఇంకా పీట మీంచి లేవలేదు. కల్వకుర్తి వీధుల్లో ఎప్పుడూ పరుగు మీదే కనిపించే ఆ పిల్లవాడు ఆనాడు నడిచి వచ్చి, చెప్పులు విప్పి, గడప అవతలే నిలబడ్డాడు. "పెద్దమ్మా, సారు పోయిండు" అన్నాడు. హైదరాబాదు దవాఖానలో తమ్మునికి తోడుగా ఉన్న మా ఆయన, ఒంటరిగా ఉన్న నాకు ఫోనులో చెప్పలేక అతణ్ణి పంపారట. "జర నయమైంది వదినా, వచ్చినంక సజ్జరొట్టె చెయ్" అని ముందురోజే పలికిన మా మరిది మల్లేశం గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది. నమ్మలేక, ఆరిపోతున్న వత్తిని ఎగదోస్తూ కూర్చుండిపోయాను.

నేను బడికి పోయినదాన్ని కాను. భజన కీర్తనలు రాయించి మా నాయిన ఇంట్లోనే నాకు అక్షరభిక్ష పెట్టాడు. బంతాట గురించి రాసే అర్హత నాకు లేదు. కానీ మల్లేశం తీర్చిదిద్దిన పిల్లలకు ఏళ్లపాటు అన్నం వడ్డించాను. ఆ చనువుతోనే కలం పట్టాను.

డిగ్రీ కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు అతడు దేహదారుఢ్య శిక్షకుడు. బంతిని ఎలా తన్నాలో నేర్పే సారు వేరే ఉన్నారు. తన్నే కాలికి బలం, పరుగెత్తే ఊపిరికి నిలుపు, మోకాలికి రక్షణ ఇవ్వడం మల్లేశం పని. పెండ్లి చేసుకోలేదు. ఆ పిల్లలే అతని సంతానం.

తెలంగాణ వచ్చిన కొత్తలో అతడు పనిలో చేరేనాటికి మన జట్టు సగం ఆట దాకా సింహాల్లా ఆడి, ఆ తర్వాత నడుముల మీద చేతులు పెట్టుకొని నిలబడేదట. అతడు మొదట చేసిన పని బంతిని గదిలో పెట్టి తాళం వేయడం. ఇసుక సంచి భుజాన పెట్టి గుంజీలు తీయించాడు. పిల్లలకు తల కొట్టేసినట్లయింది.

"మేమేం తప్పు చేసినమని గుంజీలు సార్?"

"పోయినసారి ఆట మధ్యల నడుములు పట్టుకున్నరు గద, గదే తప్పు."

మైదానం పక్కన చాయ్ తాగే పెద్దమనిషి ఒకాయన, "ఫుట్‌బాల్ నేర్పుతున్నవా, హమాలీ పని నేర్పుతున్నవా మల్లేశం?" అని ఎగతాళి చేస్తే, "గీ సంచి జర ఎత్తి చూడు కాకా, నీకే తెలుస్తది" అన్నాడట. కాకా చాయ్ మీదికి దృష్టి మళ్లించాడని పిల్లలు చెప్పుకొని నవ్వేవారు.

అతని విద్యలో నాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించిన రీతి ఒకటుంది. పిల్లల్ని అరుగు మీంచి దూకమని, తాను కళ్లు మూసుకొని నిలబడేవాడు. పాదం నేలను తాకిన చప్పుడును బట్టి ఏ కాలు బలహీనమో చెప్పేవాడు. "పిల్లి దుంకినట్టు దుంకాలె బిడ్డా. నేలకు దెబ్బ తగిలిందంటే నీ మోకాలికి తగిలినట్టే" అనేవాడు. కొన్ని నెలలకే ఫలితం కనబడింది. ఎదుటి జట్టు వగర్చే వేళకు మనవాళ్లు అప్పుడే ఆట మొదలుపెట్టినట్లు ఉరికేవారు. కుంటుతూ మా వాకిట్లోకి వచ్చేవాళ్లు తగ్గారు. "చివరి పావుగంట మనది" అన్నది మల్లేశం మంత్రం.

నరేశ్ ఆ జట్టుకు ప్రాణం. ఒక ఏడు అతడు శివదీక్ష తీసుకున్నాడు. పగటిపూట ఒక్క భోజనం, నేలమీద పడక, చెప్పులు లేని నడక. మల్లేశం నా దగ్గరికి వచ్చి, "దీక్షల ఉన్నోనికి రాత్రి ఏం పెట్టొచ్చు వదినా? నీకే తెలుస్తది" అన్నాడు.

"మాల వద్దని చెప్పకపోతివి?" అన్నాను పరీక్షగా.

"దేవునితోని నాకేం లొల్లి? మొక్కు వానిది. కాళ్లు నాకప్పజెప్పిండు. రెండూ నిలవాలె."

రోజూ రాత్రి అరటిపండ్లు, పాలు, బెల్లంతో పల్లీలు నేనే పంపాను. శివరాత్రికి నరేశ్ స్వాములతో కలిసి శ్రీశైలం దాకా వట్టి కాళ్లతో నడిచి, మాల తీసి, బస్సులో తిరిగొచ్చాడు. మరునాడే విశ్వవిద్యాలయ జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేసేవారు చూడబోయే ఆట. అది అతని చిరకాల స్వప్నం. ఆట నాటి పొద్దున మల్లేశం దూకమన్నాడు, కళ్లు మూసుకొని విన్నాడు. కుడికాలు బరువుగా పడింది. "ఇయ్యాల నువ్వు ఆడవు" అన్నాడు.

"మల్లన్న చూసుకుంటడు సార్, ఆడనియ్యి" అని ఆ పిల్లవాడు కాళ్లా వేళ్లా పడ్డాడు. మల్లేశం కరగలేదు. జట్టు ఓడింది. ఊరంతా నిందించింది.

ఆట ముగిశాక మా వాకిట్లో భోజనాలు పెట్టేటప్పుడు, ఆనాడు ఆడనివానికే మొదటి విస్తరి వేయడం మల్లేశం పెట్టిన ఆచారం. స్వయంగా వడ్డించాడు. నరేశ్ విస్తరి నెట్టేసి, "మల్లన్న పేరు పెట్టుకొని మల్లన్న భక్తుణ్ణే కూసోబెట్టినవ్" అన్నాడు. మల్లేశం విస్తరిని మళ్లీ ముందుకు జరిపి, "నిన్ను నడిపించింది ఆయనే, కాదన్ననా? ఇయ్యాల నీ కాలు పోగొడితే, వచ్చే శివరాత్రికి ఆయన దగ్గరికి నిన్ను నేను మోసుకపోవాలె. ఇసుక సంచి కన్న బరువుంటవ్, తిను" అన్నాడు. ఏడుస్తూనే నవ్వి, నరేశ్ తిన్నాడు.

ఆ ఏడాదంతా ఆ కాలిని అతడు పసిబిడ్డను సాకినట్లు సాకాడు. బంతికే కాదు, పాదయాత్రకు కూడా రోజురోజుకూ దూరం పెంచుతూ తయారుచేశాడు. మరుసటి శివరాత్రికి గురుశిష్యులిద్దరూ కలిసే నడిచారు. తిరిగివచ్చాక కావలసినంత విశ్రాంతి ఇచ్చి మైదానంలోకి దింపాడు. ఆ ఏడు నరేశ్ విశ్వవిద్యాలయ జట్టులో నిలిచాడు.

మల్లేశం దినాల నాడు పిల్లలందరూ మా వాకిట్లో భోజనాల బంతిలో కూర్చున్నారు. ఇప్పుడు మైదానంలో గుంజీలు తీయిస్తున్నది నరేశే. చీలమండకు కట్టు కట్టుకున్న ఒక ఆటగాని ముందు అతడు మొదటి విస్తరి వేశాడు. నేను కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను.

శిక్షకులు ఇంకా వస్తారు. కానీ కళ్లు మూసుకొని పాదధ్వనిలోనే పరుల వేదనను వినగలిగిన చెవి మళ్లీ ఎప్పుడు పుడుతుందో నాకు తెలియదు. అటువంటివాణ్ణి ఇన్నేళ్లు నా చేతి అన్నం తినేలా మా ఇంట ఉంచినందుకు భగవంతునికి కృతజ్ఞురాలను.

చదివేవారికి ఒక్క మనవి. ఎక్కడైనా ఏ మైదానంలోనైనా, ఆట ముగిసే వేళ అందరూ అలసిపోయినప్పుడు, ఒక్క పిల్లవాడు ఇంకా తేలికగా పరుగెత్తుతూ కనబడితే, మా మల్లేశాన్ని ఒక్కసారి తలచుకోండి.