టైర్ల ఫండు కోసం మెదినీపూర్ లోకల్లో

ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో మా తెలుగోళ్ళ రైల్వే క్వార్టర్ల ఎనక లారీ టైర్ల గుట్టుంది. అన్నీ ఇందా పేటలో టైర్ల షాపు దాదా (బెంగాలీలో అన్న) పారబోసినవే. టైర్లు కరిగించే ఫ్యాక్టరీకి పంపితే లారీ కిరాయి అవుద్దని మా ఎనక పడేస్తాడు. పోయిన వానల్లో వాటిల్లో నీళ్ళు నిలిసి, దోమలు లేసి, మా సెల్లికి డెంగీ వచ్చింది. బతికి బయటపడింది. ఈ ఏడు మా వదినకి ఏడో నెల. వానలు రాకముందే గుట్ట పోవాల.

పాత టైర్లు ఎత్తించడానికి మెదినీపూర్‌లో ఒక సర్కారు ఆఫీసుకి ఫండొచ్చిందని తెలిసి, నేనూ పక్కింటి నర్సమ్మ పిన్నీ బయల్దేరినాం. మా అమ్మోరి జాతర మాతాపూజలో ఏటేటా ఘటం, అంటే అమ్మోరి కుండ, మోసేది ఈ పిన్నే.

పొద్దున్న తొమ్మిదింటి లోకల్ రైలు. టికెట్టు సవక, కూకోడానికి సోటుండదు. తలుపుకాడ నిలబడితే కాసాయి ఏటి వంతెన మీద మంచి గాలి. పక్కనున్న ముసలి బెంగాలీ తాతకి ఎక్కడికెల్తన్నామో సెప్పినాను.

"తినడానికి తెచ్చుకున్నారా?" అన్నాడు.

"పులిహోర."

"రాత్రికి కూడా తేవలసింది."

స్టేషన్ బయట టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కితే ఆఫీసు దగ్గరే. సాబ్ మీటింగులో ఉన్నారన్నారు. ఒంటిగంటకి వరండాలో పులిహోర తిన్నాం. మూడింటికి సాబ్ బయటికొచ్చినాడు. మీటింగంటే భోజనమని ఆయన సొక్కా మీద పప్పు మరక సెప్పింది.

"ఫండు వచ్చింది, ఖర్చయింది. రండి సూపిస్తాను," అని ఆఫీసు ముందుకి తీసికెల్లినాడు. ఎక్కడెక్కడివో టైర్లు తెచ్చి, పసుపూ ఎరుపూ రంగులేసి, తోటలా పేర్సినారు. కొన్నింట్లో మొక్కలు. మిగతా వాటిల్లో మొన్నటి ఎండాకాలం గాలివాన నీళ్ళు. పిన్ని వొంగి సూసింది. లోపల దోమ పిల్లలు గిలగిలా ఈదుతున్నాయి.

"మా దోమలు కటిక నేల మీదున్నాయి బాబూ. మీ దోమలకి రంగులేసిన మేడ," అంది.

నేను హిందీలో సెప్పినాను. సాబ్ నవ్వనేదు. "కావాలంటే మీ పేటకీ రెండు డబ్బాల పెయింట్ ఇప్పిస్తాను," అన్నాడు. పెద్ద మనసు.

తిరుగు లోకల్లో గోకుల్‌పూర్ స్టేషన్ దాటినాం. అప్పుడు పిన్నంది, "ఒలే, పారబోసినోడు ఇందాలో ఉంటే మనం మెదినీపూర్ ఎందుకెల్లినాం?"

"ఆడికి మూడేళ్ళబట్టీ సెప్తన్నాం. ఇన్నాడేటి?"

"మన మాట ఇనడు. ఘటం మాట ఇంటాడు."

మా ఘటం ఎవరి గుమ్మంలోనైనా దించితే, ఆ ఇంటోళ్ళు అమ్మోరికి ఒప్పుకున్నది సేసిందాకా లేపకూడదు. ఊరంతా సుట్టూ నిలబడి సూస్తాది. ఆ దాదా బెంగాలీవాడే గాని, మాతాపూజకి ఏటా లారీ ఇస్తాడు. పోలీసుకి భయపడడు, అమ్మోరికి భయపడతాడు.

ఖరగ్‌పూర్‌లో దిగి ఇంటికెల్లనేదు. ఆటోలో సూటిగా ఇందా. దాదా షాపు ముందు కుర్సీలో టీ తాగుతున్నాడు. పిన్ని తన బెంగాలీలో సెప్పింది, "ఈ ఏడు ఘటం నీ గుమ్మంలో దించుతాను దాదా. గుట్ట ఎత్తిందాకా లేపను."

దాదా గ్లాసు కింద పెట్టినాడు.

"పూజ ఎప్పుడు, దీదీ?"

పొద్దుటినుంచీ ఆ ఆఫీసులో ఒక్కరూ 'ఎప్పుడు' అన్న మాట ఎత్తనేదు.

"వచ్చే మంగళవారం."

"సోమవారం లారీ పెడతాను."

మీ పేటలోనూ టైర్ల గుట్ట ఉంటే, మెదినీపూర్ టికెట్టు కొనకండి. దోమల తోట సూడాలంటే కొనండి. నేను ఇంటికెల్లి మా వదినకి ఒక్క మాటే సెప్పినాను, సోమవారం అని.