పల్లంలో చివరి ఇల్లు

2010లో నన్ను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి మార్చారు. పేద బస్తీల మహిళా సంఘాల మధ్య పనిచేసే ఆర్గనైజర్ ఉద్యోగం. పిల్లల పెళ్లిళ్లయ్యే వయసులో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన నాకు అక్కడ అప్పగించిన మొదటి పెద్ద పని, పట్టణాభివృద్ధి ప్రణాళిక కోసం ఒక బస్తీ అవసరాలను వరుసక్రమంలో రాసి పంపడం.

పద్ధతి ఇది. రోడ్డు, మురుగు కాలువ, నల్లా, వీధిదీపం బొమ్మలను నేల మీద సుద్దతో గీస్తాం. ఒక్కొక్కరు తమకు ముందుగా కావాల్సిన బొమ్మ మీద ఒక గుర్తు పెడతారు. చదువు రానివారూ తమ మాట చెప్పగలగాలని ఈ ఏర్పాటు. ఆ బస్తీలో ఇంటింటా బీడీలు చుట్టేవారు కనుక తునికాకు ముక్కలే గుర్తులు. సమావేశం సంఘం లీడర్ ఇంటి ముందు జరపడం ఆనవాయితీ. లీడర్ లక్ష్మి ఇల్లు మిట్టన ఉండేది.

పల్లంలో చివరి ఇల్లు రాజవ్వది. వాన పడితే బస్తీ నీళ్లన్నీ ఆమె గడప దాకా వచ్చేవి. ఆకు తడిస్తే బీడీ చుట్టరాదు, ఆ వారం కూలి ఉండదు. ఆమె కాలువ అడిగింది.

నిధుల సంగతి మున్సిపల్ ఇంజనీరు ముందే వివరించారు. సిమెంటు రోడ్డు ఆ ఏటి గ్రాంటుతో అయిపోతుంది. కాలువ ఊరి బయటి వాగు దాకా పోవాలి కనుక దానికి కొన్నేళ్లపాటు విడతలుగా నిధులు కావాలి, పైనుంచి మంజూరు రావాలి. రోడ్డు ఒకసారి వేస్తే కాంట్రాక్టరు హామీ గడువు తీరేదాకా తవ్వనివ్వరని కూడా చెప్పారు.

"కాలువ ఎప్పుడొస్తదో ఏమో, రోడ్డైతే ఈ ఎండకాలమే వస్తది. నా బిడ్డ పెండ్లికి బారాత్ ఇంటి ముంగటిదాకా రావద్దా?" అన్నది లక్ష్మి.

"బారాత్ నీ ఇంటికొస్తది వదినె, నీళ్లు నా ఇంటికొస్తయి" అన్నది రాజవ్వ.

అందరూ నవ్వారు. రాజవ్వా నవ్వింది. ఆకులు రోడ్డు బొమ్మ మీద కుప్పపడ్డాయి. కాలువ మీద పడినవి రెండో మూడో.

రోడ్డు వచ్చింది. పాత బాట మీదే పోయడంతో వీధి లేచింది, రాజవ్వ గడప కిందయింది. ఆ వానాకాలం నీళ్లు ఇంకడానికి మట్టి కూడా లేక సూటిగా ఆమె ఇంట్లోకే చేరాయి. గోడ నానిపోయింది. కనీసం చిన్న కాలువైనా తీయించమని ఆమె అడిగితే రోడ్డు గడువు అడ్డొచ్చింది. మరుసటి ఏడు ఆమె లింగంపేటలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

"నువ్వు అందర్ని అడిగినవక్కా, నేను కాదంటలేను" అన్నది, ఆటోలో సామాను ఎక్కిస్తూ.

2014లో కాలువకు మంజూరు వచ్చింది. కాలువ పని ఎప్పుడూ పల్లం నుంచి పైకి సాగుతుంది. బస్తీలో మొదటి గునపం పడింది, తాళం వేసి ఉన్న రాజవ్వ గడప ముందే.

త్వరగా దొరికే నిధులతో పైన వేసిన పని, ఆలస్యంగా వచ్చే నిధులతో కింద చేయాల్సిన పనిని మరింత వెనక్కి నెడుతుందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ బస్తీకి వెళ్లినా, సమావేశాన్ని పల్లంలో చివరి ఇంటి ముందే పెట్టించాను.